వద్దంటే వినని పురభవనం

పద్దు 41

ఈ రోజుతో పుట్టగొడుగుల బజారు గోడలు ఆరిపోయాయి. అప్పజెప్పేశాను.

గురుగ్రహం చుట్టూ తిరిగే ఈ కాలిస్టోకి వచ్చాక నేను గీసి కట్టిన మొదటి కట్టడం ఇది. పెద్దదేం కాదు. మంచు కింద ఒక గుహ, అందులో రెండు వరసల కొట్లు, మధ్యలో నడవ. ముందు తీగ చట్రం నిలబెట్టాలి. దాని మీద నాచుగోడ విత్తు చల్లాలి. అది పాకి, బలిసి, గట్టిపడేదాకా కట్టినవాడు లోపలే కాపురం ఉండాలి. ఇక్కడి పద్ధతి అది. గోడ పచ్చిగా ఉన్నప్పుడు లోపలి మనుషులు ఎలా మసులుకుంటే దానికి అదే బుద్ధి పడుతుంది. తలుపు ఎప్పుడు తీయాలి, గది ఎంత వెచ్చగా ఉంచాలి, వచ్చినవాళ్ళతో ఏం మాట్లాడాలి, అన్నీ అప్పుడే నేర్చుకుంటుంది. ఆరాక ఇక మారదు.

నేనొక్కణ్ణే ఉన్నాను కాబట్టి బజారుకి మాటలు రాలేదు. మనిషి వస్తే తలుపు తీస్తుంది, వెళ్తే మూస్తుంది.

కట్టడాల సభకి పెద్ద అయిన వెల్కా గారు వచ్చి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచారు. వయసు మళ్ళిన మనిషి, నిటారుగా ఉంటారు.

"మాట్లాడదా?" అన్నారు.

"మాట్లాడదండీ."

"మంచిది," అని వెళ్ళిపోయారు. ఈ ఊళ్ళో సన్మానం అంటే అంతే.

మాటలు: నావి ఒకటి.

పద్దు 97

స్నానశాల కూడా పూర్తయింది. దీనికి కొంచెం సిగ్గు ఎక్కువ. ఎవరైనా లోపలికి రాగానే దీపాలు ఆర్పేస్తుంది. చీకట్లో స్నానం చేయడం నా అలవాటు, అది పట్టేసింది. నిన్న ఇద్దరు తలలు గుద్దుకున్నారు. అయినా జనానికి నచ్చింది. "గమ్మునుండే కట్టడాలు కావాలంటే ఆ భూమివాడే కట్టాలి" అంటున్నారట.

నేను చదువుకున్న ఇంజనీర్ని కాను. కోనసీమలో తాపీ పని చేశాను. ఇక్కడికి మంచు కోతకి వచ్చాను. మధ్యాహ్నం విరామంలో మంచు పలక మీద మేకుతో గీసుకుంటూ, చెరుపుకుంటూ నేర్చుకున్నదే నా చదువు.

ఊరి పేరు తొలిగొట్టం. మొదట్లో వచ్చినవాళ్ళంతా ఒకే గొట్టంలో, ఒకే గాలి తొట్టి మీద బతికారట. ఒకే మాట రెండుసార్లు అన్నవాడు పక్కవాడి ఊపిరి తిన్నట్టు లెక్క. ఇప్పుడు గాలికి కొదవ లేదు. ఆచారం మాత్రం మిగిలింది. ఇక్కడ ఏదైనా ఒక్కసారే అంటారు. అన్నది అన్నట్టే, మార్చరు. రెండోసారి అనడమంటే ఎదుటివాణ్ణి చెవిటివాడా అని తిట్టినట్టు. ప్రతి ఇంటి గుమ్మానికీ గాలి మీటరు ఇంకా ఉంది. మాట్లాడితే గిర్రున తిరుగుతుంది.

మా ఊళ్ళో నన్ను మూగోడనేవారు. ఇక్కడ ప్రతి మాటకీ "అండీ" తగిలిస్తానని వాగుడుకాయ అని పేరు పెట్టారు.

సాయంత్రం వెల్కా గారు పిలిపించారు. "పురభవనం. కడతావా?" అన్నారు.

బయటి నుంచి వచ్చినవాడికి ఊరి పెద్ద కట్టడం ఇవ్వడం ఇదే మొదలు. నెగ్గితే పక్కా పనికార్డు, ఆ తర్వాత ఊరి కట్టడాలన్నీ. పోతే మళ్ళీ మంచు కోత. తల ఊపాను.

మాటలు: లేవు.

పద్దు 104

పురభవనం నమూనా చూపించాను. సభ గది, అర్జీల కిటికీ, జననమరణాల గది, మధ్యలో ఎత్తు కప్పు చావడి. ముఖద్వారానికి అటూ ఇటూ రెండు పొడవాటి అరుగులు.

వెల్కా గారు అరుగుల మీద వేలు పెట్టారు. "ఇదేమిటి?"

"అరుగండీ."

"దేనికి?"

"కూర్చోడానికండీ."

"పని అయ్యాకా?"

"కాకముందు కూడానండీ."

ఆవిడ చాలాసేపు ఆ గీత వంకే చూశారు. ఈ ఊళ్ళో పని లేకుండా కూర్చునే చోటు ఒక్కటీ లేదు. చివరికి సంతకం పెట్టారు. నా మాట ఖర్చు చూసి జాలిపడి ఉంటారు.

వచ్చే ఓడలో భూలక్ష్మి వస్తోంది. పెళ్ళయ్యాక మేము కలిసి ఉన్న రోజుల కంటే ఓడ ప్రయాణాలే ఎక్కువ. పచ్చిగోడల మధ్యే కాపురం పెట్టాలి. గోడలు పెద్దవి, మనుషులం ఇద్దరమే. కట్టడానికి బుద్ధి చక్కగా పడుతుందని అనుకుంటున్నాను.

పద్దు 131

భూలక్ష్మి దిగింది. మూడు జాడీల పచ్చడి, ఒక రుబ్బురోలు, ఓడలో నేర్చుకున్న ఈ ఊరి భాష తెచ్చింది. రుబ్బురోలు ఎందుకని అడగలేదు.

చావడి మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. "ఇంత లోగిలి కట్టేరు, బాగానే ఉంది. మరి జనం ఏరండీ?"

"ఇంకా ఆరలేదు."

"జనవా, గోడలా?"

మధ్యాహ్నం వేడినీటి గొట్టాలు బిగించడానికి ఒర్సో వచ్చాడు. ఈ ఊరివాడే, కొండలాంటి మనిషి. పని మధ్యలో భూలక్ష్మి పుట్టగొడుగుల చారు గ్లాసుతో ఎదురుపడింది.

"వద్దు," అన్నాడు ఒర్సో.

"అలాగంటారేంటి బాబూ, కష్టపడుతున్నారు కదా, కొంచెం," అని చేతిలో పెట్టేసింది.

ఒర్సో అటూ ఇటూ చూశాడు. వద్దని ఒకసారి అనేశాడు, మళ్ళీ అనకూడదు. తాగాడు. గ్లాసు ఖాళీ కాగానే ఆవిడ మళ్ళీ పోసింది. మళ్ళీ తాగాడు. మూడోది కూడా.

అతను వెళ్ళాక భూలక్ష్మి నా వైపు తిరిగి, "చూసేరా, పాపం మొహమాటానికి వద్దన్నాడు. ఎంత ఆకలి మీదున్నాడో," అంది.

విడమరిచి చెప్పాలంటే చాలా మాటలు పడతాయి. ఊరుకున్నాను.

మాటలు: నావి రెండు. భూలక్ష్మివి తెలియవు. మీటరు ముట్టుకుంటే వేడిగా ఉంది.

పద్దు 146

ఊళ్ళో సగం మంది మా ఇంట తిని వెళ్ళారు. కాదనలేక వస్తున్నారు, కాదనలేక తింటున్నారు. పచ్చడికి కళ్ళమ్మట నీళ్ళు కారితే భూలక్ష్మి వాళ్ళ వీపు తట్టి, "బెంగ పెట్టుకోకండి" అంటోంది.

గుమ్మం దగ్గర సాగనంపడం ఇంకో తంతు. ఎవరైనా "వెళ్తాను" అనగానే, "అప్పుడేనా? కూర్చోండి" అంటుంది. వాళ్ళు కూర్చుంటారు. రెండోసారి అనడం వాళ్ళకి చేతకాదు. చివరికి నేను వెళ్ళి తలుపు తీసి పట్టుకుంటున్నాను.

గోడలు మెత్తగా ఉన్నాయి. చెయ్యి పెడితే వింటున్నట్టు లోపలికి వంగుతున్నాయి.

పద్దు 158

ఉదయం పురభవనం మొదటి మాట మాట్లాడింది. మామూలుగా కట్టడాల మొదటి మాట "రండి" అయి ఉండాలి. నేను కొలత తాడు పట్టుకుని నిలబడి ఉండగా ఇది, "కూర్చోండి, ఎంతసేపని నిలబడతారు?" అంది.

ఊరి భాషలోనే అంది. కానీ ఆ సాగదీత, ఆ ఆప్యాయత అచ్చం కోనసీమవే. నేను తాడు వదిలేశాను. వెనక నేల పైకి ఉబ్బి పీట అయింది.

"ఏవండోయ్, మాట్లాడేసింది!" అని భూలక్ష్మి పరుగెత్తుకొచ్చి గడపకి పసుపు రాసింది. ముఖద్వారానికి బొట్టు పెట్టింది.

"ఎందుకండీ ఈ శ్రమంతా," అంది భవనం.

"ఎంత మర్యాద నేర్పేనో చూసుకోండి," అంది భూలక్ష్మి నాతో.

చూసుకున్నాను. నాకు చెమటలు పట్టాయి.

పద్దు 163

గోడలు ముప్పావు వంతు ఆరాయి. ఈ రోజు ఒక ఘోరం జరిగింది.

మేమిద్దరం బజారుకి వెళ్ళినప్పుడు గొట్టం కారుతోందని ఒర్సో వచ్చాడు. బాగుచేశాడు. వెళ్ళబోతూ తలుపు దగ్గర, "వెళ్తాను," అన్నాడు.

"అప్పుడేనా?" అందట భవనం. "ఎండ తగ్గాక వెళ్దురు గానీ."

మా నెత్తి మీద నూరడుగుల మంచు, దాని మీద చీకటి. ఎండ అంటే ఏమిటో ఒర్సో వాళ్ళ తాతకి కూడా తెలియదు. ఆ ఎండ ఏదో తగ్గుతుందని పాపం నిలబడ్డాడు. తలుపు తెరుచుకోలేదు. మూడుసార్లు అంటేగానీ నిజంగా వెళ్తున్నట్టు కాదని భవనం నేర్చుకుంది. ఒక మాట రెండోసారి అనకూడదని ఒర్సో పుట్టుక నుంచీ నేర్చుకున్నాడు. ఇద్దరూ పట్టు వదల్లేదు.

మేం వచ్చేసరికి భవనం మూడుసార్లు తిండి పెట్టి, అతని పిల్లలెంతమందో, పెద్దదానికి పన్ను ఊడిందో లేదో కూడా అడిగి తెలుసుకుందట. ఒర్సో లోపల పీట మీద కూర్చుని ఉన్నాడు, కదలకుండా.

"ఏం ఒర్సో, ఉండిపోయేవేంటి బాబూ?" అంది భూలక్ష్మి.

"మంచి చారు," అన్నాడు. ఆ గొంతులో ఉన్నది ఏడుపో మరేమో, తెలియలేదు.

కట్టడాల సభకి కబురు వెళ్ళిపోయింది.

పద్దు 164

వెల్కా గారు వచ్చారు. లోపలికి రాలేదు. గడప బయటే నిలబడ్డారు.

ఇక్కడ ఒక నియమం ఉంది. కట్టడం తేడా వస్తే కట్టినవాణ్ణే అడుగుతారు, ఉంచాలా, కరిగించాలా అని. ఉప్పునీళ్ళు కొడితే నాచుగోడ ఒక పూటలో కరిగి కాలవలో పోతుంది. కట్టినవాడు ఉంచండి అంటే ఇంకో అవకాశం ఇస్తారు. అతని ఒక్క మాటకి అంత విలువ.

"ఉంచాలా, కరిగించాలా?" అన్నారు వెల్కా గారు.

ఇన్నాళ్ళ కష్టం. గోడ నా వీపుకి ఆనుకుని వెచ్చగా ఉంది. ఉంచండి అని అరవాలనిపించింది. ఎదురుగా అంత పెద్దావిడ. పెద్దవాళ్ళు అడిగినప్పుడు నాకు ఇది కావాలి అని ఎలా అంటాం?

"మీ ఇష్టమండీ," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆగారు. నాకు ఇంకో మాట ఉందేమో అని చూసినట్టున్నారు. నేను చేతులు కట్టుకుని నేల చూశాను.

"సరే. సోమవారం కరిగిస్తాం," అని వెళ్ళిపోయారు.

భూలక్ష్మి లోపల్నుంచి వచ్చింది. "మీ ఇష్టవా? పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే కూడా ఇదే అన్నారు!"

"అప్పుడు బాగానే జరిగింది కదా."

"అప్పుడు మా నాన్న మళ్ళీ అడిగేడు కాబట్టి జరిగింది! రెండుసార్లు అడిగేడు! ఈవిడ అడుగుద్దా?"

అడగదు. ఈ ఊళ్ళో ఎవరూ అడగరు.

పద్దు 165

గోడ పూర్తిగా ఆరేలోపు కొత్త బుద్ధి ఎక్కించాలని పొద్దున్నుంచీ కుస్తీ పడుతున్నాం. నేను అతిథిని, భూలక్ష్మి ఇంటావిడ. భవనం చూసి నేర్చుకోవాలి.

"చారు తాగుతారా?" అంది భూలక్ష్మి.

"వద్దు."

భూలక్ష్మి పెదాలు బిగించింది. ఒకసారి గోడ వంక, ఒకసారి నా డొక్క వంక చూసింది. మెడ మీద నరం ఉబ్బింది.

"పొద్దుటి నుంచీ ఏం తిన్నారు కనకా!" అని గ్లాసు నింపేసింది.

"అదే నేనూ అందామనుకుంటున్నాను," అంది భవనం.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఆవిడ నోట్లో గుడ్డ కుక్కుకుంది. నేను "వెళ్తాను" అని ఒక్కసారే అని తలుపు దగ్గర నిలబడ్డాను. తీయలేదు. గడ్డపారతో సందు చేయబోయాను. నాచుగోడ కోసినచోట కోసినట్టే పూడుకుపోతుంది.

"ఎవరైనా ఏమైనా అన్నారా మిమ్మల్ని?" అంది భవనం నెమ్మదిగా. "అలిగి వెళ్తున్నట్టున్నారు. కోపం వస్తే అన్నం మీద చూపించకూడదండీ."

గడ్డపార అక్కడే పడేశాను. సాయంత్రానికి గోడ మీద గోటితో గీరితే టంగుమంది. ఆరిపోయింది.

మాటలు: ఈ ఒక్క రోజులో నావి ఏడాదికి సరిపడా.

పద్దు 166

నేరుగా వెళ్ళి చెప్పెయ్యాలని బయలుదేరాను. దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను: వెల్కా గారూ, ఉంచండి. వెల్కా గారూ, ఉంచండి.

ఆవిడ గదిలో కాగితాలు చూస్తున్నారు. తలెత్తారు.

"ఊరికే, ఇటు వెళ్తూ వచ్చానండీ," అన్నాను.

ఈ ఊళ్ళో ఎవరూ ఎక్కడికీ ఊరికే వెళ్ళరు. ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి, నాకేమైనా ఒంట్లో బాగాలేదా అని నా కళ్ళలోకి పరీక్షగా చూశారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

భూలక్ష్మి ఏమైందని అడగలేదు. నా మొహం చూసి కంచం పెట్టింది.

పద్దు 167, ఆదివారం

పెద్దగా రాయడానికి ఏమీ లేదు. సామాను సర్దుకున్నాం. జాడీలు కట్టేటప్పుడు భవనం, "ఎక్కడికైనా ఊరెళ్తున్నారా?" అని అడిగింది. భూలక్ష్మి చీరకొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది.

"అవును," అన్నాను.

"క్షేమంగా వెళ్ళి రండి. మీరొచ్చేదాకా అందరినీ నేను చూసుకుంటాను."

బజారు కట్టాను, స్నానశాల కట్టాను. ఏ గోడా నాతో ఇలా మాట్లాడలేదు.

పద్దు 168, సోమవారం

ఒర్సో ఉప్పునీళ్ళ గొట్టం పట్టుకుని అరుగు పక్కన నిలబడ్డాడు. వీధిలో జనం. ఎవరూ మాట్లాడటం లేదు, అది మామూలే. కొంతమంది చేతుల్లో మా ఇంటి గ్లాసులు ఉన్నాయి.

కరిగించమని ఆజ్ఞ ఇచ్చినవాళ్ళే లోపలి గోడకి తమ చేత్తో ఎర్ర ముద్ర వేసి, బయటికి రావాలి. లోపల మనిషి ఉండగా నీళ్ళు కొట్టకూడదు. ఇది చట్టం. వెల్కా గారు ముద్ర పట్టుకుని గడప దాటారు. మేమిద్దరం లోపలే ఉన్నాం.

"రండి రండి!" అంది భవనం. "ఎన్నాళ్ళకి! బయటి నుంచే వెళ్ళిపోతున్నారని అనుకుంటూనే ఉన్నాను."

వెల్కా గారు చావడి మధ్య స్తంభానికి ముద్ర వేశారు. గుండ్రంగా, ఎర్రగా పడింది.

"బొట్టు పెట్టారా!" అని భవనం పులకరించిపోయింది. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. "భూలక్ష్మి గారూ, చూశారా? స్వయంగా వచ్చి బొట్టు పెట్టారు. ఏం శుభకార్యమండీ?"

భూలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కప్పు వంక చూశాను.

వెల్కా గారు తలుపు దగ్గరికి నడిచారు. "వెళ్తాను."

"అప్పుడేనా? బొట్టు పెట్టి భోంచేయకుండా వెళ్తే మేం ఏం కావాలి? కూర్చోండి."

తలుపు తెరుచుకోలేదు. ఆవిడ దాని ఎదురుగా నిలబడ్డారు. ఒర్సోలా కాదు, ఆవిడ విషయం తెలిసే వచ్చారు. తనకి తీస్తుందనుకున్నారు. వెనక నేల ఉబ్బి పీట అయింది. కూర్చోలేదు. పక్కన గోడలోంచి చారు గ్లాసు వచ్చింది.

"వద్దు."

"మీ వయసులో ఖాళీ కడుపు మంచిది కాదండీ. కొంచెం."

గ్లాసు ఇంకా దగ్గరికి వచ్చింది. చాలాసేపయ్యాక ఆవిడ కూర్చున్నారు. ఇంకాసేపటికి తాగారు.

"మేడమ్ గారూ," అంది భూలక్ష్మి, "వెళ్తాను, వెళ్తాను అని గబగబా ఇంకో రెండుసార్లు అనెయ్యండి, తీసేస్తది. ఏవుంది అందులో? నేను రోజూ అంటాను."

వెల్కా గారు ఆవిడ వంక చూసిన చూపుకి మామూలు మనిషైతే గోడలో కలిసిపోవాలి. భూలక్ష్మి చారు మళ్ళీ నింపింది.

తర్వాత నా డొక్కలో మోచేత్తో పొడిచింది.

నేను ఒక అడుగు ముందుకి వేశాను. "కరిగించొద్దండీ," అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు.

"నీ మాట అయిపోయింది," అన్నారు వెల్కా గారు. "మీ ఇష్టం అన్నావు."

అంతే. ఆవిడ అన్నది నిజం. వెనక్కి తగ్గబోయాను.

"అయ్యో, మొదటిసారి అన్నది లెక్కలోకి రాదండీ," అంది భవనం. "అది మర్యాదకి అన్నది. ఏవండీ ఏడుకొండలు గారూ, ఒక్కసారి అని ఊరుకుంటే ఎవరు నమ్ముతారు? మళ్ళీ అనండి."

ఈ ఊళ్ళో ఎవరూ నన్ను అలా పేరు పెట్టి బతిమాలలేదు.

"కరిగించొద్దండీ."

"ఇంకోసారి," అంది భవనం.

మూడోసారి గొంతులోంచి కాదు, ఎక్కడో పొట్టలోంచి వచ్చింది. "కరిగించొద్దు!" అన్నాను. "అండీ" ఎటుపోయిందో తెలియదు. స్తంభాలు ప్రతిధ్వనించాయి. బయట వీధిలో ఎవరి చేతిలోంచో గ్లాసు జారిపడింది.

"ఇదిగో," అంది భవనం తృప్తిగా, "ఇప్పుడు అన్నారు."

వెల్కా గారు చారు గ్లాసు కింద పెట్టి, లెక్క వేసుకుంటున్నట్టు గోడతో మాట్లాడారు.

"నేను మూడుసార్లు అంటే, తలుపు?"

"తీస్తానండీ."

"రెండో మాట చెల్లుతుందని నేను ఒప్పుకున్నట్టు."

"అవునండీ."

"అప్పుడు ఇతనిదీ చెల్లుతుంది."

"అంతే కదండీ మరి," అంది భూలక్ష్మి.

"అనకపోతే?"

"ఇక్కడే ఉంటారు. మాకేం ఇబ్బంది లేదు. సాయంత్రానికి పులుసు పెడతాను."

వెల్కా గారు గోడ వంక చూశారు. ముద్ర వంక చూశారు. నా వంక చూశారు. నేను మొదటిసారి కళ్ళు దించుకోలేదు. దించుకోవడం మర్చిపోయాను.

ఆవిడ గ్లాసులో మిగిలింది తాగేసి లేచారు.

"వెళ్తాను," అన్నారు.

కిటికీ అవతల వీధిలో జనం ఊపిరి బిగపట్టారు. ఆవిడ జీవితంలో ఒక మాట రెండోసారి అనడం ఇదే మొదలు. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది.

"పోనీ రేపు వెళ్దురు," అంది భవనం, ఆశగా.

"వెళ్తాను!"

తలుపు తెరుచుకుంది.

ఒర్సో గొట్టం ఎత్తి పట్టుకుని ఉన్నాడు. "తిప్పనా?"

"వద్దు," అన్నారు వెల్కా గారు.

ఒర్సో గొట్టం దించలేదు. ఆలోచించాడు. మా ఇంట్లో చాలా భోజనాలు చేసినవాడు మరి.

"కొంచెం కూడా వద్దా?" అన్నాడు.

వెల్కా గారు కళ్ళు మూసుకుని తెరిచారు. "వద్దు, ఒర్సో. వద్దన్నాను కదా."

అప్పుడు దించాడు. వీధి వీధంతా విన్నది.

ఆవిడ వెంటనే వెళ్ళిపోతారనుకున్నాను. గడప అవతల ఒక కాలు, ఇవతల ఒక కాలు పెట్టి, ఆ చారులో ఏం వేస్తారని భూలక్ష్మిని అడిగారు. అక్కణ్ణుంచి మోకాళ్ళ నొప్పుల మీదకి వెళ్ళింది మాట. ఆవిడకి ఎడమది, ఈవిడకి కుడిది. వాళ్ళు అలా నిలబడే ఉండగా నేను జాడీల కట్లు విప్పుకున్నాను.

పద్దు 175

పనికార్డు చేతికి వచ్చింది. భవనం ముందు పలక పెట్టారు: పని ఉన్నవాళ్ళు ఉదయమే రావలెను. అరుగుల మీద చోటు దొరకడం లేదు. స్తంభం మీద ఎర్ర ముద్ర తుడవబోతే భవనం ఒప్పుకోలేదు, మంగళకరం కాదంది.

మధ్యాహ్నం వెల్కా గారు వచ్చారు. చారు గ్లాసు అడగకుండానే అందుకున్నారు.

"జైలు కావాలి," అన్నారు.

తొలిగొట్టంలో ఇంతవరకు జైలు లేదు. తప్పు చేసినవాణ్ణి "ఇంట్లో ఉండు" అని ఒక్కసారి అంటే ఉండిపోయేవాడు. ఈమధ్య ఓడల్లో దిగుతున్నవాళ్ళు ఆ మాట వినడం లేదట. లోపలికి వచ్చినవాణ్ణి కదలనివ్వని కట్టడం ఊళ్ళో ఇదొక్కటే అని సభలో అందరూ ఏకమై నా పేరు చెప్పారట.

భూలక్ష్మి కళ్ళు మెరిశాయి. "జైలుని అత్తారిల్లనే అంటాం మేము. నిజంగా అత్తారిల్లులాగే పెంచుతానండీ. వచ్చినవాడు బుద్ధి తెచ్చుకుని, రెండు చుట్లు ఒళ్ళు చేసి మరీ వెళ్తాడు."

"కడతావా?" అన్నారు వెల్కా గారు నన్ను.

ఆవిడ జైలు అన్నప్పటి నుంచే నా చెయ్యి గీతలు గీస్తోంది. గదులు, కిటికీలు, పెద్ద వంటిల్లు. అయినా ఎదురుగా అంత పెద్దావిడ అడిగితే...

"నాకెందుకులెండి," అన్నాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. లేచారు. గుమ్మం దాకా వెళ్ళారు. అక్కడ ఆగి, చెవులు ఎర్రబడుతుండగా వెనక్కి తిరిగారు.

"కడతావా?" అన్నారు మళ్ళీ.

నేను నోరు తెరవబోయాను. భూలక్ష్మి నా చెయ్యి గట్టిగా గిల్లింది.

"ఉండండి," అంది చెవిలో. "ఇంకోసారి అడగనివ్వండి."